సిఫారసు లేనివారి కాగితం

ప్రతి సంవత్సరం డిగ్రీ ఆఖరి పరీక్షలు ముగిసిన వారం పది దినాలలో మార్టూరులోని జిరాక్సు దుకాణాల ముందు మన బి.కాం. విద్యార్థులు గుమికూడి కనిపిస్తారు. దుకాణంలోని కుర్రవాడు కంప్యూటరులో పూర్వమెవరిదో ఒక బయోడేటాను తెరుస్తాడు. పేరు మారుస్తాడు, తండ్రి పేరు మారుస్తాడు, పుట్టిన తేదీ మారుస్తాడు, పది ప్రతులు తీసి చేతిలో పెడతాడు. ఈ తతంగానికి పట్టే కాలం పది నిమిషాలు. మూడేండ్ల చదువు ఆ పది నిమిషాలలో ఒక కాగితమై బయటికి వస్తుంది. ఒకే దినాన మా బల్లమీదికి వచ్చిన ఏడు బయోడేటాలలో ఆరింట తొలి వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే: ‘సవాళ్ళతో కూడిన వాతావరణంలో పనిచేసి సంస్థ అభివృద్ధితో పాటు నా అభివృద్ధిని సాధించుట నా ఆశయము.’ ఇది ఇంగ్లీషులో ఉండేది. మేము తెలుగులో చెప్పుతున్నాము. ఒక కాగితంలోనైతే అడుగున సంతకం చేయవలసిన చోట ఊరిపేరు నరసరావుపేట అనియు, తేదీ రెండేండ్ల క్రిందటిదనియు ఉన్నది. ఆ విద్యార్థిది నరసరావుపేట కాదు. ఆ తేదీనాటికి అతడు మొదటి సంవత్సరం పరీక్షలైనా వ్రాయలేదు. అయినను పై వివరములన్నియు నిజమని ధ్రువీకరిస్తూ ఆ క్రిందనే సంతకం చేశాడు!

నవ్వవలసిన విషయమే. కాని నవ్వి ఊరుకోదగినది కాదని మా అభిప్రాయం.

మన ప్రాంతంలో లెక్కల ఉద్యోగాలకు కొదువలేదు. జిన్నింగు మిల్లులున్నవి, స్పిన్నింగు మిల్లులున్నవి, గ్రానైటు పాలిషు కర్మాగారాలున్నవి. చిలకలూరిపేట, గుంటూరు వైపు పోతే కోల్డు స్టోరేజీలు, మిర్చి కమీషను కొట్లు, ఆడిటర్ల కార్యాలయాలు ఉన్నవి. ఎరువుల దుకాణం మొదలు బియ్యం మిల్లు వరకు ప్రతిచోటా లెక్కలు వ్రాసే మనిషి ఒకడు కావాలి. అయితే ఈ ఉద్యోగాలు పత్రికలలో ప్రకటనగా రావు. ‘మనవాడెవడైనా ఉన్నాడా?’ అనే ఒక్క మాటతో నిండిపోతాయి. మేనమామ మిల్లులో మేనేజరుగా ఉన్న పిల్లవానికి బయోడేటాతో పనిలేదు. మామగారే అతని బయోడేటా. తండ్రి హమాలీగా మూటలు మోసి, తల్లి మిరపకాయల తొడిమలు తీసి చదివించిన పిల్ల సంగతి వేరు. ఆమె గురించి యజమానితో మాట్లాడేవారు ఎవరూ లేరు. ఆమె తరఫున ఆ గది లోపలికి పోయేది ఒక్క కాగితమే. మన కళాశాలలో అత్యధికులు ఈ రెండవ తరగతికి చెందినవారే కనుక, ఆ కాగితం సంగతి మనకు అలంకారం సంగతి కాదు, అన్నం సంగతి.

కొన్ని సంవత్సరాల క్రిందట జరిగినది ఒకటి చెప్పుతాము. మా విద్యార్థి ఒకడు, తెలివైనవాడు, అంకణా ఒక్క పైసా తేడా లేకుండా తేల్చగలవాడు, ఒక మిల్లులో గుమాస్తా పనికి కాగితం పెట్టుకొన్నాడు. అక్కడి పెద్దమనిషి బయోడేటా చేతికి తీసుకొని, మాట్లాడకుండా జేబులోని పెన్ను తీసి, మార్కుల దగ్గర ఏదో వ్రాసుకొని, కాగితం తిరిగి ఇచ్చివేశాడట. దానిలో ఇంటర్మీడియెటు సంగతి కాదు, డిగ్రీ ఆఖరి సంవత్సరపు మార్కులు 600కు 412 అనియు, శాతం 71 అనియు ఉన్నది. లెక్కవేస్తే 68.67 వస్తుంది. ఆ 71 ఎక్కడిది? జిరాక్సు దుకాణంలో పాత బయోడేటాలోనిది! పేరు మార్చారు, మార్కులు మార్చారు, శాతం మార్చడం మరచారు. కుర్రవాడు అబద్ధమాడలేదు. కాని ఆ పెద్దమనిషికి ఆ విషయం తెలిసే దారి ఏది? సొంత పద్దు సరిచూచుకోనివాడు నా పద్దు సరిచూస్తాడా అని ఆయన అనుకొన్నాడు. మేము ఆయనను తప్పుపట్టలేదు. డాక్టరు ఉద్యోగానికో డ్రైవరు ఉద్యోగానికో పెట్టిన కాగితంలో ఈ తప్పు దొర్లితే క్షమింపవచ్చును. లెక్కల ఉద్యోగానికి పెట్టిన కాగితమే ఆ అభ్యర్థి వ్రాసిన మొదటి పద్దు. తేదీలు, మొత్తాలు, శాతాలు, చదువుకు చదువుకు మధ్య ఖాళీ సంవత్సరాలు, ఇవన్నీ చదివేవాడు కూడికలు తీసివేతలు వేసి చూస్తాడు. చూచుట అతని వృత్తి.

ఇక ఏమి వ్రాయాలి? ‘అకౌంట్సు తెలియును, ట్యాలీ తెలియును’ అని అందరూ వ్రాస్తారు. ఇది ‘వంట తెలియును’ అన్నట్లుంటుంది. అన్నం వండుటయా, వంద మందికి పెండ్లి భోజనం వండుటయా? చదివేవానికి కావలసినది మీకు ఏమి తెలియునన్నది మాత్రమే కాదు, అతని కొట్టులో కూర్చొన్న మొదటి దినాన మీరు ఏ పుస్తకం చేతికి తీసుకొనగలరన్నది. కావున కాగితం వ్రాయడానికి ముందు అది ఎవరికి పోతున్నదో తెలుసుకొనవలెను. పది ప్రతులు ఒక్కటిగా ఉండడంలోనే మొదటి పొరపాటు ఉన్నది.

జిన్నింగు మిల్లునే తీసుకొందాము. అక్కడికి రైతు పత్తి తెస్తాడు. కాటా వేస్తారు, తేమకు చెత్తకు తరుగు తీస్తారు, చీటీ ఇస్తారు. క్వింటాలు పత్తిని ఆడిస్తే ముప్పైమూడు, ముప్పైనాలుగు కిలోలకు అటూ ఇటూ దూది వస్తుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం గింజ, కొంత వృథా. దూదిని 170 కిలోల బేళ్ళుగా కడతారు. ధర మాత్రం ఖండీకి, అనగా సుమారు 356 కిలోలకు, చెప్పుకొంటారు. ఇన్ని కొలతల మధ్య సరుకు లెక్క తప్పకుండా నడిపేవాడే అక్కడ గుమాస్తా. పత్తి ఖాతాలో లోపలికి పోయినది, దూది, గింజ, తరుగు అనే మూడు దారులలో బయటికి వచ్చినదానితో సరిపోవాలి. ఇది తెలిసిన విద్యార్థి తన కాగితంలో ‘పత్తి కొనుగోలు చీటీల నుండి సరుకు ఆవర్జా వ్రాయుట, బేళ్ళ నిల్వ సరిచూచుట తెలియును’ అని ఒక్క వాక్యం వ్రాస్తే, ‘ఇతనికి మన పని తెలుసు’ అని మిల్లువాడు తల ఎత్తి చూస్తాడు. అదే విద్యార్థి మిర్చి కమీషను కొట్టుకు పోతే ఆ వాక్యం పనికిరాదు. అక్కడ టిక్కీల లెక్క, తక్‌పట్టీ, హమాలీ, కాటా కూలి, కమీషను, రైతుకు ముందుగా ఇచ్చిన సొమ్ము, కోల్డు స్టోరేజీలో దాచిన సరుకుకు అద్దె, ఇది వేరే లోకం. గ్రానైటు వారిది మరొకటి: రాయి ఘనపు మీటర్లలో వచ్చి, పలకగా మారి చదరపు అడుగులలో పోతుంది. మీరు పుట్టి పెరిగినది ఈ సరుకుల మధ్యనే. పట్నం పిల్లలకు లేని ఈ పరిజ్ఞానం మీకు ఉచితంగా వచ్చినది కనుకనే దానికి విలువ లేదని మీరు అనుకొంటున్నారు.

పన్నుల విషయంలో స్పష్టత మరీ అవసరం. 2017 జూలై 1న జి.యస్.టి. వచ్చినప్పటినుండి చిన్న వ్యాపారికి గుమాస్తా అవసరం పెరిగినదే కాని తగ్గలేదు. నెల నెలా అమ్మకాల వివరం 11వ తేదీలోగా, సంక్షేప రిటర్ను 20వ తేదీలోగా దాఖలు చేయవలె. అమ్మినవాడు చూపిన బిల్లులతో తన కొనుగోళ్ళు సరిపోతేనే పన్ను జమ దక్కుతుంది. యాభై వేల రూపాయలు మించిన సరుకు లారీ ఎక్కితే ఈ-వే బిల్లు కావాలి. పత్తి విషయంలో 2017 నవంబరు 15 నుండి ఇంకొక మెలిక ఉన్నది: రైతు వద్ద పత్తి కొన్న రిజిస్టరు వ్యాపారియే, అమ్మినవానికి బదులు తానే, రివర్సు ఛార్జి పద్ధతిలో పన్ను కట్టవలె. ‘జి.యస్.టి. తెలియును’ అనుటకు, ‘కొనుగోళ్ళను 2బి పట్టికతో సరిచూచి తేడాల జాబితా తయారుచేయగలను’ అనుటకు హస్తిమశకాంతరం ఉన్నది. రెండవ మాట అనగలిగినవాడు దానిని నిజంగా చేసియుండాలి. చేయనివాడు అనకూడదు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ట్యాలీ సంగతిలో మన పిల్లలు వ్రాసే అబద్ధాలకు అంతులేదు. నలభై దినాల శిక్షణలో ఇరవై దినాలు హాజరై, పేమెంటు వోచరు, రసీదు వోచరు వరకు నేర్చుకొని, బయోడేటాలో ‘ట్యాలీలో నిపుణత’ అని వ్రాస్తారు. యజమాని పెద్ద పరీక్ష ఏమీ పెట్టడు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ‘ఈ బ్యాంకు స్టేటుమెంటు చూచి సరిపెట్టు’ అంటాడు. అంతటితో నిపుణత బయటపడుతుంది. దానికన్నా ‘వోచర్లు నమోదు చేయగలను, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక పర్యవేక్షణలో చేయగలను, ముగింపు లెక్కలు పుస్తకరీత్యా మాత్రమే తెలియును’ అని వ్రాసినవాడు మర్యాదస్థుడు. మా ఎరుకలో ఇటువంటి మాట వ్రాసి ఉద్యోగం పోగొట్టుకొన్నవాడు లేడు. చెరిపివేతలు కూడదని పూర్వం ఆవర్జా వ్రాసేవారికి మొదటి పాఠంగా చెప్పేవారు. తప్పు పడితే గీత కొట్టి ప్రక్కన సరియైనది వ్రాసి పొడి సంతకం పెట్టవలె. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే లెక్కల సాఫ్టువేరులోనూ ప్రతి దిద్దుబాటూ తేదీతో సహా నమోదు కావాలని ప్రభుత్వం నిబంధన పెట్టినది. అటువంటి వృత్తిలోకి పోబోతూ కాగితంలోనే కల్పన చేయుట ఏమి శకునం?

సందర్భం వచ్చినది కనుక ఒక ముచ్చట. మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు వేరువేరు గదులలో కూర్చొంటారు కాని, లెక్కల పుస్తకంలో ఇద్దరూ ఎప్పుడో కలిసిపోయారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తారీఖు, గుమాస్తా, ఇవన్నీ అరబ్బీ, పారసీ భాషలనుండి వచ్చి తెలుగువాని కొట్టులో స్థిరపడిన మాటలు. లెడ్జరుకు మనం వాడే ఆవర్జా పారసీ మాట. సస్పెన్సు ఖాతాకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు అనామతు, అది అమానత్. చివరకు, ఈ వ్యాసం పేరులోని సిఫారసూ అక్కడిదే. ఇది ఎందుకు చెప్పుతున్నామనగా, మన ముస్లిం విద్యార్థులలో కొందరు తమ కాగితంలో తెలిసిన భాషల వద్ద ‘తెలుగు, ఇంగ్లీషు’ అని వ్రాసి ఉర్దూను దాచివేస్తున్నారు. అడిగితే, ‘ఎందుకులెండి సార్’ అంటారు. వారి సంకోచానికి కారణం మేము ఎరుగనిది కాదు. పేరు చూచి కాగితం ప్రక్కకు పెట్టేవారు ఉండరని మేము బుకాయించబోము. కాని అటువంటివాడు పేరు వద్దనే ఆగిపోతాడు, భాషల వరకు రాడు. అక్కడిదాకా చదివేవానికి, ఉత్తరాది కొనుగోలుదారులతో ఫోనులో ధారాళంగా మాట్లాడి బాకీ వసూలు చేయగల గుమాస్తా దొరికినాడన్నది లాభమే. దాచవలసినది కాదు, ముందు పెట్టవలసినది.

ఉద్యోగార్థన పత్రాలలో మొదటిదిగా లోకం చెప్పుకొనేది లియొనార్డో డా విన్చీ సుమారు 1482లో మిలాను ప్రభువు లుడొవికో స్ఫోర్జాకు వ్రాసుకొన్న లేఖ. ఆ మహాచిత్రకారుడు ఆ లేఖలో ఏమి వ్రాశాడు? తేలికపాటి వంతెనలు కట్టగలను, ఫిరంగులు చేయగలను, ముట్టడి యంత్రాలు నిర్మింపగలను అని ఒకదాని తరువాత ఒకటి వ్రాసుకొంటూ పోయి, చిట్టచివర మాత్రం శిల్పమూ చిత్రమూ కూడ చేయగలనన్నాడు. ప్రభువుకు అప్పుడు కావలసినది బొమ్మలు కాదు, యుద్ధసామగ్రి. ఎదుటివాని అవసరాన్ని ముందు పెట్టుట అనే ఒక్క సూత్రం మనము ఆయన వద్ద నేర్చుకొంటే చాలును. (చమత్కారమేమనగా, జంట పద్దు విధానాన్ని 1494లో మొదటిసారి అచ్చువేయించిన లూకా పచోలీ కూడ ఆ తరువాత ఆ ప్రభువు ఆస్థానానికే వచ్చి లియొనార్డోకు స్నేహితుడైనాడు. వారిద్దరూ ఎప్పుడైనా దీనిని గురించి మాట్లాడుకొన్నారో లేదో!)

అనుభవం అనే శీర్షిక వద్ద మన పిల్లల కలం ఆగిపోతుంది. ‘ఫ్రెషర్’ అని ఒక్క మాట వ్రాసి ఊరుకొంటారు. ఆడపిల్లలు మరీను. మా విద్యార్థిని ఒకామె ఇట్లే వ్రాసుకొని వచ్చినది. మాటల మీద తెలిసినదేమంటే, తొమ్మిదవ తరగతి నుండి వాళ్ళ అమ్మగారి పొదుపు సంఘం పుస్తకాలు ఆమే వ్రాస్తున్నది. సభ్యుల పొదుపు, అప్పు, వడ్డీ, కిస్తీ, బ్యాంకు పాసుబుక్కుతో నెలవారీ సరిచూపు, తీర్మానాల పుస్తకం, అన్నీ ఆమె చేతిమీదుగానే. ఆరేండ్లపాటు పదిమంది ఆడవారి డబ్బుకు లెక్క చెప్పి మాట పడని మనిషి తనకు అనుభవం లేదని వ్రాసుకొన్నది! ‘అది ఉద్యోగం కాదు కదండీ’ అన్నది. ఉద్యోగం కాకపోవచ్చును, పని మాత్రం అదే. మేము దానిని మూడు వాక్యాలలో వ్రాయించాము: ఎన్నేండ్లు, ఏయే పుస్తకాలు, ఎవరు తనిఖీ చేసేవారు. అట్లే, నాన్నగారి కిరాణా కొట్టులో అరువు ఖాతా నడిపినవాడు, బాబాయి కోళ్ళ ఫారానికి దాణా లెక్క వ్రాసినవాడు, మసీదు కమిటీకో గుడి కమిటీకో చందాల రసీదులు కోసి జమాఖర్చు చదివి వినిపించినవాడు, వీరెవ్వరూ అనుభవహీనులు కారు. అయితే ఒక జాగ్రత్త. ఎవరి లెక్కలు వ్రాశారో వారి అమ్మకాలెంత, అప్పులెంత అని కాగితంలో పెట్టకూడదు. ఇంకొకరి గుట్టు మన బయోడేటాలో చూచిన యజమాని, రేపు నా గుట్టు ఎక్కడ పెడతాడోనని ఆలోచిస్తాడు.

తీసివేయవలసినవి మన బయోడేటాలలో సగముంటాయి. కులం, మతం, తండ్రి ఉద్యోగం, ఎత్తు, పెండ్లి అయినదీ కానిదీ, ఇవన్నీ పెండ్లిచూపుల కాగితంలోనివి. పాటలు వినుట, క్రికెట్టు ఆడుట ఎవరికీ అక్కరలేదు. పదవ తరగతి నుండి మార్కులు ఉండవచ్చును కాని, వాటికి పెద్ద పట్టిక కట్టి సగం పేజీ నింపనక్కరలేదు. ఒక్క పేజీ చాలును. జిల్లా పేరు చూచుకొనండి: 2022 ఏప్రిల్ 4న మార్టూరు ప్రకాశం జిల్లా నుండి విడివడి బాపట్ల జిల్లాలో చేరినది, సర్టిఫికెట్లలో పాతది ఉండవచ్చును, ఇప్పటి చిరునామాలో పాతది ఉండకూడదు. మీ గురించి చెప్పగలవారి పేరు వేసేటప్పుడు వారిని ముందుగా అడగండి. ఒకసారి మా పేరు మాకు తెలియకుండా ఒక కాగితంలో పడినది. ఫోను వచ్చినప్పుడు ఆ కుర్రవాడెవరో గుర్తుకురాక మేము తడబడినాము. దాని ఫలితం అతడే అనుభవించాడు.

ఇంత చెప్పినా, ‘ఈ కాగితాలు ఎవరు చదువుతారండీ, ఉద్యోగాలన్నీ తెలిసినవాళ్ళకే కదా’ అనేవారున్నారు. వారి మాటలో నిజమున్నది, దానిని మేము పైన ఒప్పుకొన్నాము. అయితే తెలిసినవాడిని పెట్టుకొన్న మిల్లులో మార్చి నెలాఖరుకు ఖాతాలు తేలక ఆడిటరు తల పట్టుకొన్నప్పుడు, యజమానికి పాత కాగితాల దొంతర గుర్తుకువస్తుంది. ఆ దొంతరలో మన కాగితం ఉండుట, ఉన్నది చదువదగినదై ఉండుట మన చేతిలోనిది. యజమానులకూ ఒక మాట చెప్పవలసి ఉన్నది. రెండేండ్ల అనుభవం ఉంటేనే గుమాస్తాగా తీసుకొంటామంటారు; ఆ రెండేండ్లు ఎవరో ఒకరు ఇవ్వందే ఎక్కడినుండి వస్తాయి? మీ వద్దకు వచ్చిన పిల్లను తెలిసినవారెవరని అడుగక, ఒక అరగంట మీ చిట్టా ముందు కూర్చోబెట్టి చూడండి. తప్పులు చేస్తే పంపివేయండి. ఆ అరగంట అడుగుటకు మాకు హక్కు ఉన్నదని అనుకొంటున్నాము.

మా వంతుగా, ఈ సంవత్సరం వాణిజ్యశాస్త్ర విభాగంలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఆఖరి సంవత్సరం విద్యార్థుల కాగితాలను వారి ఎదుటనే చదివి దిద్దదలచినాము. జిరాక్సు దుకాణం నుండి తెచ్చినవి వద్దు, చేత్తో వ్రాసినవి తీసుకొని రండి. మార్కుల పత్రం, పొదుపు సంఘం పుస్తకమో కొట్టు ఖాతా పుస్తకమో ఏది వ్రాసియుంటే అది, వెంట తెచ్చుకొనండి. ఇంకొక సంగతి: ఫోను నంబరు మార్చితే వెంటనే ఇచ్చినచోటనెల్లా చెప్పిరండి. పత్తి రాక అక్టోబరులో మొదలవుతుంది. మేలో ఇచ్చిన కాగితానికి పిలుపు అప్పుడు వస్తుంది. పోయిన ఏడాది అట్లు వచ్చిన పిలుపు ఒకటి, వాడుకలో లేని నంబరు మ్రోగక, మా వద్దకు తిరిగి వచ్చినది. ఆ పిల్లవాని ఊరు వెదకి కబురు చేసేసరికి వారం గడిచినది.